రైతు మాట, దీవుల సీటు

(అండమాన్ దీవుల్లోని గరాచర్మలో చేసిన స్మారక ఉపన్యాసం పూర్తి పాఠం)



1989 డిసెంబరులో తొమ్మిదో లోక్‌సభ మొదటిసారి సమావేశమైన రోజున స్పీకర్ కుర్చీలో 89 ఏళ్ల పెద్దమనిషి కూర్చున్నారు. సభ కొత్త స్పీకర్‌ను ఎన్నుకునేదాకా ఆ కుర్చీ బాధ్యత, సభ్యుల ప్రమాణ స్వీకారాల బాధ్యత ఆయనవి. ప్రధాని వి.పి. సింగ్, అంతవరకు ప్రధానిగా ఉండి ప్రతిపక్షంలోకి మారిన రాజీవ్ గాంధీ, దేశం నలుమూలల నుంచి గెలిచి వచ్చిన వందలాది మంది ఆ సభలో ఉన్నారు. ఆ కుర్చీలో ఉన్నది గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు ఇంట పుట్టిన గోగినేని రంగనాయకులు, అంటే మనందరికీ తెలిసిన ఆచార్య ఎన్.జి. రంగా. అదే సభలో అండమాన్ నికోబార్ నుంచి వరుసగా నాలుగోసారి గెలిచిన మనోరంజన్ భక్తా కూడా ఉన్నారు. ఒకరు 1930లలోనే, బ్రిటిషు వారి కాలంలోనే, ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిన మనిషి. ఇంకొకరు మన ఒక్క సీటును ఎనిమిదిసార్లు గెలిచిన మనిషి. 1980 నుంచి 1991 దాకా మూడు లోక్‌సభల్లో ఇద్దరూ ఒకే పార్టీ బెంచీల్లో ఉన్నారు.

ఈ ఏడాది స్మారక ఉపన్యాసానికి సుదీర్ఘ కాలం చట్టసభల్లో పనిచేసినవారి గురించి మాట్లాడమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ ఇద్దరే. ఎక్కువసేపు రంగా గారి గురించే మాట్లాడతాను. గుంటూరు పెద్దమనిషితో గరాచర్మకు ఏం పని అని ఎవరికైనా అనిపిస్తే, దానికి జవాబు శ్రీకాకుళంలో ఉంది.

మనలో చాలామంది తాతలు, తండ్రులు సోంపేట, ఇచ్ఛాపురం, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు తీరాల నుంచి వచ్చినవారు. విశాఖ, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. చేపల వేటకు వచ్చినవారు, కూలి పనికి వచ్చినవారు, సర్కారు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు అందరూ కలిస్తే, 2011 జనాభా లెక్కల నాటికి ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. మనవాళ్లు ఓడెక్కి ఇక్కడికి చేరుతున్న ఆ రోజుల్లోనే, 1967లో, రెండు విషయాలు జరిగాయి. ఈ దీవుల జనం మొట్టమొదటిసారి ఓటు వేసి తమ ఎంపీని ఎన్నుకున్నారు. అంతకుముందు 1952 నుంచి మన సభ్యుణ్ని రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. అదే 1967లో ఊళ్లో ఉండిపోయిన మన బంధువులు శ్రీకాకుళం ఉప ఎన్నికలో ఆచార్య రంగాను లోక్‌సభకు పంపారు. ఒకే ఇంట్లో అన్న అక్కడ, తమ్ముడు ఇక్కడ. ఒకరు రంగాకు ఓటు వేసి ఉంటే, ఇంకొకరు ఈ దీవుల మొదటి ఎన్నికలో ఓటు వేసి ఉంటారు.

ఆ ఉప ఎన్నిక ఎందుకు వచ్చిందో చెప్పాలి. బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న రంగా గారి శిష్యుడు. కల్లుగీత కార్మికుల కోసం ఆయన నడిపిన పోరాటం ఎంత బలంగా సాగిందంటే, 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1967లో స్వతంత్ర పార్టీ తరఫున ఆయన శ్రీకాకుళం లోక్‌సభ సీటు, సోంపేట శాసనసభ సీటు రెండూ గెలిచారు. రెండింట్లో ఒకటి వదులుకోక తప్పదు. లచ్చన్న లోక్‌సభ సీటును వదిలి అసెంబ్లీ ఉంచుకున్నారు. ఆ సాధారణ ఎన్నికల్లో సభకు దారి దొరకని గురువు గారు, వదిలిన ఆ సీటు నుంచి లోక్‌సభకు చేరారు. నేనైతే దీన్ని ఉత్త గురుభక్తిగా చూడను. ఆ ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ 44 సీట్లతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. దాని నాయకుడు సభలో లేకపోతే ఆ 44కూ గొంతు ఉండదు. అలా సోంపేట, టెక్కలి, పలాస వైపు పల్లెల ఓటర్లు ఢిల్లీలో అతిపెద్ద ప్రతిపక్షానికి నాయకుణ్ని ఇచ్చారు. మన జిల్లా ఊళ్లకు అలాంటి గౌరవం అంతకుముందు దక్కలేదు.

అయితే ఆ జిల్లాకు రంగా అప్పుడే కొత్తగా వచ్చినవారు కారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి స్వాతంత్ర్య పోరాటంలోకి వచ్చారు. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి, పల్లె కుర్రాళ్లకు శిస్తు లెక్కలు, సహకార సంఘాల పద్ధతులు, సభల్లో మాట్లాడే తీరు నేర్పారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. మరుసటి ఏడాది రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురంలో మొదలై, జమీందారీ గ్రామాల మీదుగా కాలినడకన సాగి, మద్రాసు శాసనసభకు వినతిపత్రం ఇచ్చింది. ఇచ్ఛాపురం అంటే ఎక్కడో కాదు, మన బంధువుల ఊరు. జమీందారు అడవిలో వంటచెరుకు కొట్టుకుంటే నేరం, చెరువులో చేప పడితే పన్ను, పెళ్లికి, పండుగకు నజరానా. ఆ యాత్ర ఊరూరా రాసుకున్న ఫిర్యాదులు ఇవే. 1937లో ప్రకాశం గారి అధ్యక్షతన మద్రాసు ప్రభుత్వం వేసిన ఎస్టేట్ల విచారణ సంఘం ముందుకు వచ్చినవీ ఇలాంటివే.

ఆ కిసాన్ సభ 1940లో తన మహాసభను పలాసలో జరుపుకొంది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి కలప తెచ్చుకున్న రైతులను పట్టుకోవడానికి పోలీసులు వచ్చారు. ఊరివాళ్లను తీసుకుపోతుంటే సాసుమాన గున్నమ్మ అడ్డుపడింది. అప్పటికి ఆమె నిండు గర్భిణి. కాల్పుల్లో ఆమెతో పాటు మరికొందరు చనిపోయారు. మందస వైపు నుంచి వచ్చిన ముసలమ్మలు ఇప్పటికీ వీర గున్నమ్మ పేరు చెబితే కళ్లు తుడుచుకుంటారు. చట్టసభలో రైతు గురించి మాట్లాడేవాడికి వెనక ఇలాంటి ఊళ్లు ఉండాలి. రంగాకు ఉన్నాయి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయేదాకా పడిన పాటు సభలో సగం, ఈ ఊళ్ల వీధుల్లో సగం.

ఇప్పుడు ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ఘట్టానికి వస్తాను. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సమష్టి సహకార వ్యవసాయం దేశానికి దారి అని తీర్మానించింది. గట్లు చెరిపి, భూములు కలిపి, అందరూ ఒక్క కమతంగా సాగు చేయాలన్నది దాని సారం. ఆ రోజుల్లో నెహ్రూ మాటకు ఎదురు చెప్పడం అంటే రాజకీయంగా ఇల్లు ఖాళీ చేయడమే. రంగా అప్పుడు కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. ఆ పదవి వదులుకున్నారు. రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. చిన్న రైతు చేతిలోని పట్టా తీసేసుకుంటే అతను ప్రభుత్వానికి మళ్లీ కూలివాడవుతాడన్నది ఆయన వాదన. జమీందారు పోయి ఆ చోట్లో అధికారి కూర్చుంటే రైతుకు ఒరిగేదేముందని ఆయన సభలో పదే పదే అడిగారు.

1964లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ దగ్గర ఆ వాదన మరింత పదునెక్కింది. అంతకుముందు జమీందారీ ఎస్టేట్లకే వర్తించిన రక్షణ కవచాన్ని ఆ సవరణ రైత్వారీ పట్టాల భూములకూ చాచింది. అంటే నాలుగెకరాల రైతు భూమిని తీసుకునే చట్టాన్ని కూడా ప్రాథమిక హక్కుల పేరు మీద కోర్టులో సవాలు చేయడం కష్టమవుతుంది. స్వతంత్ర పార్టీ దాన్ని గట్టిగా ఎదిరించింది. సవరణ ఆగలేదు. కానీ రైతు స్వయంగా సాగు చేసుకుంటున్న, సీలింగు లోపలి భూమిని తీసుకుంటే మార్కెట్ ధరకు తక్కువ పరిహారం ఇవ్వకూడదన్న నిబంధన ఆ సవరణలోనే ఉంది. అది రంగా ఒక్కరి వల్లే వచ్చిందని నేను అనను. ఆ సభలో అలాంటి గొంతు లేకుండా వచ్చేదని కూడా నేను నమ్మను.

రంగా గారి మీద ఎప్పుడూ వచ్చే విమర్శ ఒకటుంది. పార్టీలు మార్చారని. మార్చారు. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, మళ్లీ కాంగ్రెస్, స్వతంత్ర, చివరికి మళ్లీ కాంగ్రెస్. నియోజకవర్గాలూ మారాయి. 1957లో తెనాలి. 1962లో అక్కడే ఓటమి. అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నరుగా వెళ్లడంతో ఖాళీ అయిన చిత్తూరు నుంచి అదే ఏడాది గెలుపు. తర్వాత శ్రీకాకుళం. 1971 ఇందిరా గాలిలో స్వతంత్ర పార్టీ 44 నుంచి 8కి పడిపోయినప్పుడు ఆయనా ఓడిపోయారు. 1977లో రాజ్యసభ. 1980, 1984, 1989ల్లో గుంటూరు. ఈ జాబితా చదివి పదవీకాంక్ష అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పదవి కావాలనుకున్నవాడు 1959లో, నెహ్రూ బలంగా ఉన్న రోజుల్లో, పాలకపక్షం పార్లమెంటరీ కార్యదర్శి కుర్చీ వదిలి బయటికి రాడు. కేంద్ర మంత్రి కాకుండానే అరవై ఏళ్లు చట్టసభల చుట్టూ తిరిగినవాడి కోరిక వేరే చోట ఉండాలి. పార్టీ మారినా, సీటు మారినా, లేచి నిలబడినప్పుడు మాట్లాడే విషయం మారలేదు. సొంతంగా దున్నుకునే రైతు, అతని పట్టా, అతని పంటకు గిట్టుబాటు ధర, ఇవే. ఒక శాసనసభ్యుడి సుదీర్ఘ కాలాన్ని కొలవాల్సింది ఈ నిలకడతోనే.

అయితే ఆయన రాజకీయానికి పక్కనే ఒక పెద్ద ఖాళీ ఉంది. దాన్ని దాటవేస్తే ఆయనకు న్యాయం చేసినట్లు కాదు. ఆయన శ్రీకాకుళం ఎంపీగా గెలిచిన 1967లోనే, అక్టోబరు 31న, జిల్లా కొండల్లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు హతమయ్యారు. శ్రీకాకుళ పోరాటం అక్కడ రాజుకుంది. షావుకార్ల అప్పులకు కొండ భూములు పోవడం, అడవి మీద హక్కు లేకపోవడం దాని మూలంలో ఉన్నాయి. పల్లపు భూముల పట్టాదారు రైతు రాజకీయం పట్టా అనేదే లేని కొండ సవరకు, జాతాపుకు, కూలికి సరిపోలేదు. గున్నమ్మ ఊరికి చేరిన కిసాన్ సభ మాట ఆ కొండల మీదికి ఎక్కలేదు. రంగా గారిని ఎంత గౌరవించినా ఇది చెప్పక తప్పదు. గిరిజన భూముల బదలాయింపు నిబంధనలను 1970లో కట్టుదిట్టం చేసిన 1/70 రెగ్యులేషన్ వచ్చింది ఆ మంటల మధ్యలోనే.

ప్రపంచంలో ఇంత కాలం చట్టసభలో ఉన్నవారిని చూడాలంటే అమెరికా వైపు చూడాలి. మిషిగన్ నుంచి జాన్ డింగెల్ 1955 నుంచి 2015 దాకా 59 ఏళ్లకు పైగా ప్రతినిధుల సభలో ఉన్నారు. అక్కడి కాంగ్రెస్‌లో అంతకాలం పనిచేసినవారు ఇంకొకరు లేరు. ఆయన తండ్రి 1943లో జాతీయ ఆరోగ్య బీమా బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. తండ్రి సీటుకు వచ్చిన కొడుకు ప్రతి కొత్త సభలో ఆ బిల్లును మళ్లీ పెట్టేవారు. 1965లో వృద్ధుల వైద్యానికి మెడికేర్ చట్టం ఆ సభలో నెగ్గినప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్నది ఆయనే. అదే డింగెల్ తన ప్రాంతంలోని కార్ల కర్మాగారాలకు ఇబ్బంది కలగకుండా పొగ నిబంధనల విషయంలో ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు కూడా. ఊరి ఓటు అంత గట్టిది. అక్కడి పద్ధతిలో సీనియారిటీకి విలువ ఎక్కువ. ఎక్కువ కాలం ఉన్నవాడికి కమిటీ అధ్యక్షత, దానితో పాటు అధికారం వస్తాయి. మన దగ్గర పార్టీ టికెట్ ఇస్తేనే సీనియారిటీ. రంగాకు అందుకే ప్రతి ఎన్నికా మొదటి ఎన్నికే.

అమెరికా గురించి ఇంకొక్క మాట చెప్పి మన దీవులకు వస్తాను. గువామ్, అమెరికన్ సమోవా లాంటి వాళ్ల దీవులకు ప్రతినిధుల సభలో సభ్యుడు ఉంటాడు. కమిటీల్లో పనిచేస్తాడు, మాట్లాడతాడు. కానీ చట్టం మీద చివరి ఓటు వేసే హక్కు అతనికి లేదు. మన అండమాన్ ఎంపీకి ఆ ఓటు ఉంది. 1967కు ముందు నామినేట్ అయినప్పుడూ ఉంది. నికోబారీ భాషలోకి బైబిలు అనువదించిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ మొదటి లోక్‌సభలో మన తరఫున కూర్చున్నారు. ఎన్నికలు మొదలయ్యాక ఇప్పటిదాకా ఆ సీటును గెలిచినవారు నలుగురే: కె.ఆర్. గణేశ్, మనోరంజన్ భక్తా, బిష్ణుపద రే, కుల్దీప్ రాయ్ శర్మ. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న కాలంలో నలుగురు.

ఆ ఒక్క సీటు బరువు ఎంతో పెద్దనేల మీద ఉన్నవాళ్లకు చెబితే అర్థం కాదు. పాండిచ్చేరికి 1963 చట్టంతో శాసనసభ వచ్చింది. ఢిల్లీకి 1991 సవరణతో వచ్చింది. మనకు లేదు. రాజ్యాంగం 240వ అధికరణం ప్రకారం ఈ దీవులకు రాష్ట్రపతి రెగ్యులేషన్లు చేయవచ్చు. వాటికి పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. ఇక్కడి భూమి వ్యవహారాలను నడిపే 1966 భూమి శిస్తు, భూసంస్కరణల రెగ్యులేషన్, ఆదిమ తెగల రక్షణకు 1956లో వచ్చిన రెగ్యులేషన్ అలా వచ్చినవే. అంటే గరాచర్మలో ఒక ఇంటి స్థలానికి పట్టా ఎందుకు రావడం లేదని అడగాలనుకుంటే, అడగడానికి ఎమ్మెల్యే లేడు, అడిగించడానికి అసెంబ్లీ లేదు. ఆ ప్రశ్న ఢిల్లీలో హోం మంత్రిత్వ శాఖకు వెళ్లాలి. దాన్ని అక్కడ లేవనెత్తేది ఆ ఒక్క ఎంపీయే.

ఆ దారి ఎలా ఉంటుందో చూడండి. విశాఖ ఓడలో బంకు టికెట్ దొరకక పండక్కి ఊరెళ్లలేని ఒక కుటుంబం ఉందనుకోండి. హడ్డో జెట్టీ దగ్గర క్యూలో నిలబడి, ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. ఆ ఫిర్యాదు ఎంపీ చేతికి చేరాలి. ఆయన కనీసం పదిహేను రోజుల ముందు ఓడరవాణా మంత్రికి ప్రశ్న నోటీసు ఇవ్వాలి. వచ్చిన నోటీసులన్నీ చీటీలు వేసి వరుస తేలుస్తారు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నలు రోజుకు ఇరవై. అందులో పేరు వచ్చి, సభలో వంతు అందితే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్న అడగవచ్చు. రాకపోతే రాతపూర్వకమైన జవాబు సభ ముందు పెడతారు. ఒక్క సంతకం, ఒక్క కాగితం, పేజీ నిండా గణాంకాలు. మన ఓడల సంఖ్య, బెర్తుల సంఖ్య, కొత్త ఓడ ఎప్పుడొస్తుందో ఆ కాగితంలో ఉంటాయి. రాష్ట్రంలో ఇలాంటి పనిలో సగం ఎమ్మెల్యేలు పంచుకుంటారు. ఇక్కడ తాగునీటి గొట్టం నుంచి ఓడ టికెట్ దాకా అన్నీ ఒకరి మీదే.

1977లో ఉత్తర భారతమంతా కాంగ్రెస్ ఊడ్చుకుపోతే, అండమాన్ నుంచి భక్తా కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. అప్పటికి మనం ఓటు వేసి ఎన్నుకున్న మొదటి ఎంపీ కె.ఆర్. గణేశ్, ఇందిర ప్రభుత్వంలో ఆర్థిక సహాయమంత్రిగా స్మగ్లర్ల మీద దాడులతో పేరు తెచ్చుకున్నాయన, జగ్జీవన్ రామ్‌తో కలిసి కాంగ్రెస్ వదిలేశారు. 1977 నుంచి 1998 దాకా భక్తా వరుసగా ఏడు ఎన్నికలు గెలిచారు. 1999లో బిష్ణుపద రే చేతిలో ఓడి, 2004లో తిరిగి గెలిచారు. 2009లో పార్టీ టికెట్ కుల్దీప్ రాయ్ శర్మకు వెళ్లింది. భక్తా 2015లో కన్నుమూశారు. తూర్పు బెంగాల్‌లో పుట్టి ఈ దీవుల మనిషైన ఆయనకు బెంగాలీలే కాక తమిళులు, రాంచీవాళ్లు, నికోబారీలు, మనవాళ్లు కూడా అన్నిసార్లు ఓటు వేశారు. తెలుగు ఓట్లు లేకుండా ఆ సీటు అంతకాలం నిలిచేది కాదని జంగ్లీఘాట్‌లో వలలు కుట్టుకునే పెద్దలను ఎవరిని అడిగినా చెబుతారు.

రంగాకు నాలుగు నియోజకవర్గాలు, ఒక్క విషయం. భక్తాకు ఒక్క నియోజకవర్గం, వంద విషయాలు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న పోలిక నాకు అనవసరం. కానీ ఒక తేడా బాధపెడుతుంది. రంగా గురించి పుస్తకాలున్నాయి, ఆయన రాసిన పుస్తకాలున్నాయి, 1991లో పద్మవిభూషణ్ వచ్చింది, వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. అండమాన్ తరఫున సభలో ముప్ఫై ఏళ్లకు దగ్గరగా పనిచేసిన మనిషి ఏం అడిగారు, ఏ మంత్రి ఏం జవాబిచ్చారు, ఓడల గురించి, పట్టాల గురించి, బడుల్లో తెలుగు మాధ్యమం గురించి ఎప్పుడెప్పుడు మాట్లాడారు అన్నది మన దగ్గర ఎవరికీ తెలియదు. సభలో ఓటు వేయగలగడం ఒకటి, ఆ ఓటుకు ముందు ఏం అడిగారో ఓటర్లకు తెలియడం ఇంకొకటి. రెండోది ఇక్కడ జరగలేదు.

లోక్‌సభ చర్చలు ఇప్పుడు పార్లమెంటు డిజిటల్ గ్రంథాలయంలో అందరికీ తెరిచి ఉన్నాయి. సభ్యుడి పేరుతో వెతకవచ్చు. అందుకే ఈ స్మారక నిధిని నడుపుతున్న పెద్దలకు నా అభ్యర్థన ఇది. వచ్చే ఏడాది వక్తకు ఇచ్చే సొమ్ములో కొంత తీసి, కాలేజీలో చదువుతున్న మన పిల్లలు నలుగురికి ఇవ్వండి. 1967 నుంచి ఈ దీవుల నుంచి లోక్‌సభలో అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు వాళ్లు వెతికి తీసి, తెలుగులోకి మార్చి, ఒక చిన్న పుస్తకంగా వేయనివ్వండి. ఓడలు ఒక అధ్యాయం, భూమి ఒక అధ్యాయం, బడులు ఒక అధ్యాయం. నలుగురు సభ్యులనూ పార్టీ చూడకుండా ఒకే వరుసలో పెట్టాలి. అచ్చు పనికి, ప్రూఫులు దిద్దడానికి నేను వస్తాను.